సోలార్ అద్దాలకు శుక్రవారం పూజ

మొన్న శుక్రవారం నేను చేసిన ఘనకార్యానికి మా ఊరోళ్లు ఇంగా నవ్వుకుంటానే ఉండారు. మీరూ నవ్వండి, నాకేం సిగ్గు లేదు, అదంతా ఆ పొద్దే పాయె!

మాది పెద్దకడుబూరు పక్క పల్లె. చేన్లో బోరుకు కొత్తగా సోలార్ మోటర్ పెట్టించినాము. కరెంటు ఎప్పుడొస్తాదో అని కాచుకునే పని లేదు. పొద్దు పైకొస్తే చాలు, నీళ్లే నీళ్లు! మా ఆయన పత్తి విత్తనాలకు ఆదోనికి పోతా, "ఉల్లినారు వాడిపోతాంది, ఎండ ముదరకముందే తడి పెట్టు. అద్దాలకు దుమ్ము పట్టింది, తుడుచు" అని చెప్పిపోయినాడు. ఆ నారు పోతే ఈ ఏడు మాకు ఉల్లి పంట లేనట్లే.

అద్దాలు తుడిచినా. తళతళ మెరుస్తాండాయి. శుక్రవారం గదా! బండికి, ట్రాక్టరుకు, ఆఖరికి కొడవలికి గూడా పూజ చేసేటోళ్లం, ఇన్ని నీళ్లిచ్చే తల్లికి చేయొద్దా? గడపకు పూసినట్ల, చేయి అందినంత మేర పసుపు మందంగా పూసి, వరసగా కుంకుమ బొట్లు పెట్టి, టెంకాయ కొట్టినా. ఎంత కళొచ్చిందో! మా అత్త గూడా చూసి, "పెండ్లికూతురు ఉన్నట్లుండాదే!" అనింది.

మోటర్ ఆన్ చేసినా. పైపులో నీళ్లు ముక్కు కారినట్ల కారె! ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేసినా. అదీ నిలిచిపాయె. నారు చూస్తే తలకాయలు వాల్చేసె. నాకు ఏడుపొచ్చింది. మా ఆయనకు ఫోన్ చేస్తే, "ఏం నొక్కినావే?" అని అరిచె. నేనేం నొక్కినా? దండం పెట్టినా, అంతే!

మోటర్ బిగించిన మెకానిక్కు వీడియో కాల్ చేసినా. స్టార్టర్ చూపించినా, పైపు చూపించినా. "ప్యానెల్ చూపించక్కా" అన్నాడు. చూపించినా. ఫోన్లో బొమ్మ ఊగులాడె. నెట్ పోయిందేమో అనుకున్నా. చూస్తే నోటికి తువ్వాల అడ్డం పెట్టుకోని నవ్వుతాండాడు! "అక్కా, అద్దానికి ఎండ తగిలితేనే గదా మోటర్ తిరిగేది. ముందు దాన్ని కడుగు!"

కడగాలంటే నీళ్లేవి? నీళ్లు రావాలంటే కడగాల! తాగేకి తెచ్చుకున్న బిందె ఒకటే ఉండాది. పసుపేమో ఎండకు అట్టగట్టింది. మా అత్త ఒక్క మాట తిట్టలేదు. కొంగు తడిపి నాతో పాటు రుద్దతా, "దేవునికి పసుపు పూయొచ్చు తల్లీ, కండ్లకు గూడా పూస్తే మనల్ని ఎట్ల సూస్తాడు?" అనింది. నాకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చినాయి. మళ్లీ ఆన్ చేస్తే పైపు భుస్సుమనె! నారు బతికె. అత్తను అట్లే కరుచుకున్నా.

సాయంత్రం మా ఆయన వచ్చి, అద్దాల కింద ఇనుప స్తంభాలు చూసి, "వీటికెందుకు పసుపు?" అన్నాడు. మిగిలిన పసుపు పారేయలేక వాటికి పూసింటి.

"నీ పెండ్లాం ఇంగ కాళ్లకే పూస్తాదంటప్పా," అనింది అత్త, "మొగం జోలికి పోదంట!"