చర్ల వాగు ఒడ్డున నల్లజెండా

పత్రికాఫీసు నుంచి రిటైరయ్యాక నమూనా ఓడలు చేయడం నాకు వ్యాపకమైంది. రెండో ప్రపంచ యుద్ధం చివర లొంగిపోయిన జర్మన్ జలాంతర్గాములు నీటిపైకి వచ్చి నల్లజెండా ఎగరేసేవని చదివాను. గాలికి గుడ్డ ఎలా మడత పడుతుందో చూసి, నా నమూనాకు జెండా చేయాలనుకున్నాను. చర్లలో మా బావమరిది చేను పక్కన, వాగు ఒడ్డున కర్రకు నల్లగుడ్డ కట్టి ఫొటోలు తీస్తుంటే తుపాకులతో జవాన్లు చుట్టుముట్టారు. మర్నాడే ఆగస్టు పదిహేను. ఆ రోజున నక్సలైట్లు నల్లజెండాలు ఎగరేసే ప్రాంతమది.

క్యాంపులో కిటికీ లేని గదిలో కూర్చోబెట్టారు.

"ఎవరు కట్టమన్నరు పెద్దాయనా?" అన్నాడు ఎస్సై.

"ఎవరూ కాదు సార్. లొంగిపోయిన జలాంతర్గామి జెండా అది."

"వాగుల జలాంతర్గామి ఏంది? గిట్లాంటి కథలు మస్తు విన్నం."

నిజం చెప్పేకొద్దీ ఇంకా ఇరుక్కుపోయాను. సాయంత్రం బావమరిది వచ్చి, "మా బావకు బొమ్మల పిచ్చి సార్" అంటూ నేను చేసిన ఓడల ఫొటోలు చూపించాక గానీ ఎస్సై నవ్వలేదు.

"సముద్రంల అది లొంగినోళ్ల జెండా కావొచ్చు. ఈడ లొంగనోళ్లది. జల్దీ ఇంటికి పోండ్రి."

ఇక్కడి నల్లజెండాల వార్తలు ఎన్నో రాశాను. కర్ర నాటేటప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు.