పన్నెండు బంగాళాదుంప మొక్కలు

కాస్త ఇలా దగ్గరికి జరిగి కూచోండి. గొంతు పెంచి చెప్పుకునే సంగతి కాదిది. పొద్దున మా మనవరాలు బజారు నుంచి కొత్త బంగాళాదుంపలు తెచ్చింది. నీళ్లలో వేసి బొటనవేలితో రుద్దితే చాలు, తోలు ఊడి వచ్చేస్తుంది. ఆ తడిమట్టి వాసన తగలగానే నా చెయ్యి ఆగిపోయింది. ఏమైంది నానమ్మా అంది పిల్ల. ఏమీ లేదన్నాను. ఎన్నో ఏళ్లుగా ఆ మాటే అంటున్నాను.

పెళ్లయి భీమిలి వైపు నుంచి ఓడెక్కి నేను హోప్ టౌన్ వచ్చేటప్పటికి, స్వాతంత్ర్యం వచ్చాక సర్కారు జనాన్ని తెచ్చి నడిసముద్రంలోని ఈ దీవుల్లో నిలబెడుతున్న రోజులు. మావాళ్లు సముద్రం మీద చేపల వేటకి పోయేవాళ్లు. పక్కింట్లో సంతోషమ్మ దీదీ ఉండేది. తెలుగావిడే, చర్చి మనిషి, భర్త పోయాడు, పిల్లల్లేరు. తడికట్టెతో పొయ్యి రాజెయ్యడం, వాననీళ్లు పట్టి దాచుకోవడం, బజారులో హిందీలో బేరమాడటం, అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఈ గట్టున నాకు అమ్మంటూ ఉంటే ఆవిడే.

అప్పట్లో ఆలూ అంటే ఓడలో రావాల్సిందే. ఓడ ఎప్పుడొస్తుందో సముద్రానికే తెలియాలి. వచ్చేవి పాత దుంపలు, ముడతలు పడి, మొలకలొచ్చి, సగం బస్తా కుళ్లి. మెయిన్‌లాండ్‌లో చలి చివర్న తవ్వే కొత్త దుంప ఇక్కడికి చేరేదే కాదు. "దాని తోలు పలచన, నూకాలూ. సముద్రం దాటలేదు. తినాలంటే ఇక్కడే పండాలి" అనేది దీదీ. ఇక్కడేమో వానలు వెనకపట్టేసరికి డిసెంబరు వస్తుంది. చల్లదనం గట్టిగా రెండు నెలలు. ఆ రెండు నెలల్లోనే దుంప ఊరాలి. రెండేళ్లు వేసింది, రెండేళ్లూ కుళ్లిపోయాయి. మా ఆయన కూడా వేళాకోళం చేసేవాడు, దీదీ కొబ్బరిచెట్టుకి ఆలూ కాయించేట్టుందని. ఆవిడ నవ్వేది.

మూడో ఏడు మొలకలున్న దుంపలు ఏరి, కోసి, బూడిద రాసి, ఇంటి వెనక గట్టు మీద పన్నెండు మొక్కలు లేపింది. కొబ్బరిపీచు కప్పింది. వాళ్ల చర్చిలో కోత పండుగని చేస్తారు. ఎవరి తోటలో మొదట పండింది వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు, పెట్టినవాళ్ల పేరు అందరూ వినేట్టు చదువుతారు. దీదీ ఏటా ఉత్త చేతులతో వెళ్లేది. ఈసారి దుంపలు పెడతానని మొక్కుకుంది.

పండుగకి పదిరోజుల ముందు చెల్లెలి పురుడని దీదీ మిన్నీ బేలో ఆమె ఇంటికి వెళ్లింది. మొక్కకో చెంబు నీళ్లు పొయ్యమని నాకు అప్పజెప్పింది. "ఆకు పండి పసుపు తిరిగేదాకా వేలు పెట్టకు. చూడాలనిపిస్తుంది, చూడకు" అంది.

ఆ వారమే మా వదిన, అంటే మా ఆయన అక్క, చూడ్డానికొచ్చింది. నెలరోజులుగా ఓడ లేదు. ఇంట్లో చేప తప్ప ఏమీ లేదు. "మీ ఇంట్లో కూరగాయని దేవుడు పుట్టించలేదేంటే" అని వచ్చిన పూటే ఎత్తిపొడిచింది. నాకు తల కొట్టేసినట్టయింది. గట్టెక్కి ఒక మొక్క మొదట్లో చెయ్యి పెట్టాను. నిమ్మకాయంత దుంప చేతికి తగిలింది. ఒక్కటే అనుకున్నాను. తర్వాత ఇంకో మొక్క. పన్నెండూ తడిమి, దొరికినవన్నీ తీసేశాను. మట్టి అదిమి, పీచు కప్పి, నీళ్లు పోసి వచ్చాను. కూర వండి పెడితే వదిన వేళ్లు నాకుతూ తిని, ఎక్కడివే అంది. "మా పెరట్లోవే" అన్నాను.

మర్నాటికే ఆకులు వాలిపోయాయి. దీదీ పండుగ పొద్దున తవ్వింది. బఠాణీ గింజలంతవి నాలుగు వచ్చాయి. మట్టి చేతులతో అలాగే కూలబడింది. "ఎలకలేమో దీదీ" అన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను. "పోనీలే నూకాలూ. ఈ నేలకి నేనంటే ఇష్టం లేదు" అంది. ఆ ఏడూ ఉత్త చేతులతోనే వెళ్లింది.

మూడు నెలలకి వదిన మళ్లీ వచ్చింది. దీదీ మా గడపలో బియ్యం ఏరుతోంది. "మరదలా, మీ పెరట్లో ఆలూ ఇంకా ఉందా? ఆ రుచి నాలిక మీంచి పోలేదే" అంది వదిన. దీదీ చేట మీంచి తలెత్తలేదు.

"సీజను అయిపోయిందమ్మా. వానలయ్యాక నూకాలు మళ్లీ వేసుకుంటుంది" అంది.

అంతే. వదిన వెళ్లాకా దీదీ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. తిట్టి ఉంటే కాళ్లు పట్టుకునేదాన్ని. ఎప్పటిలాగే నాకు పులుసు పంపింది, నా పురుళ్లు పోసింది. గట్టు మీద మాత్రం మళ్లీ ఏమీ వెయ్యలేదు. ఆవిడ బతికిన ఇంకో తొమ్మిదేళ్లూ ఆ మాట నా నాలిక చివరే ఉంది. రేపు చెబుదామనుకున్నాను. రేపటికి ముందే ఆవిడ జ్వరంతో పోయింది.

ఇప్పుడు నేనుంటున్న గరాచర్మ ఊళ్లో నా ఇంటి వెనక ప్రతి డిసెంబరులో పన్నెండు మొక్కలు వేస్తాను. కొన్నేళ్లు కుళ్లిపోతాయి. పండిన ఏడు ఒక్కటీ నోట పెట్టను, బుట్టలో పెట్టుకుని వాళ్ల కోత పండుగకి వెళతాను. నాది ఆ చర్చి కాదని అందరికీ తెలుసు. ఎవరి పేరు చదవమంటావమ్మా అని చర్చి అయ్యగారు అడుగుతారు. సంతోషమ్మ అంటాను. ఎందుకో మాత్రం ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకే చెప్పాను.

మీ పొయ్యి చల్లారకుండా ఉండాలి. మీ నేల వేసిందల్లా ఇవ్వాలి. తప్పు చేసినవాళ్లు ఆ పూటే ఒప్పుకునేంత చనువు మీ ఇంట్లో ఎప్పటికీ ఉండాలి.