ఐదో భాగం

పావగడలో కంప్యూటరు నేర్పే హనుమంతరాయుడు మాట్లాడుతూ కూడా బల్లమీద వేళ్లతో టైపు కొడుతుంటాడు. అతని కంప్యూటరులో విండోస్, లైనక్స్ రెండూ ఉన్నాయి. తల్లి రంగక్క వేరుశనగ ఒలుస్తూ పాడిన పాటలను, ఆమె పోకముందు, రికార్డు చేసి, డిస్కును విడగొట్టిన భాగాల్లో ఆరోదాంట్లో దాచాడు. నాగలమడిక నుంచి సంతకొచ్చినప్పుడల్లా తండ్రి నరసప్ప కళ్లు మూసుకొని వినేవాడు.

ఒకనాడు రాయుడు లైనక్స్‌లో ఖాళీగా ఉన్న ఐదో భాగాన్ని తీసేసి మళ్లీ పెట్టాడు. తీసినప్పుడే దాని వెనకున్న పాటల భాగం ఐదో అంకెకు జరిగింది, కొత్తదానికి ఆరు వచ్చింది. అది గమనించక, కొత్తదే అనుకొని ఐదోదాన్ని ఫార్మాట్ చేశాడు.

సంతరోజు నరసప్ప వచ్చి స్పీకరు పక్కన కూర్చున్నాడు. "పెట్టప్పా."

"లేవు నాయనా. నా చేతుల్తోనే తుడిచేసినాను."



"అయితే మీయమ్మ ఇప్పుడు పోయింది" అని నరసప్ప తువ్వాలు భుజాన వేసుకొని లేచాడు. ఆ తర్వాత ఎన్ని సంతలకొచ్చినా కొడుకు కంప్యూటరు గది మెట్టు ఎక్కలేదు.