జీడి పిక్కల దండలూ నా మీసమూ

రెండు వేల ఇరవై నాలుగు, ఎండాకాలం. తోటల్లో జీడి పిక్కలు రాలే రోజులు. అప్పుడు జరిగిన మా మనవరాలి నిశ్చితార్థం ఫొటోలు చూసినవాళ్ళంతా ఇప్పటికీ రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. మొదటి ఫొటోల్లో మూతికి తువ్వాలు కట్టుకుని దొంగలా నిలబడ్డది ఎవరు? తరవాతి ఫొటోల్లో పై పెదవి వంకాయంత ఉన్న ముసలాడు ఎవరు? ఇద్దరూ నేనే. ఎలా అయ్యానో చెబుతాను, మీ టీ చల్లారేలోపు అయిపోతుంది.

మాది సోంపేట పక్కన పల్లె. సముద్రం హోరు ఇంట్లోకి వినిపిస్తుంది. సగం కొబ్బరి, సగం జీడి ఉన్న తోట ఒకటుంది. మనవరాలు హేమ టెక్కలిలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. పెళ్ళికొడుకు కిరణ్‌ది కూడా టెక్కలే, కానీ చదువూ ఉద్యోగమూ అంతా విశాఖపట్నంలో. నిశ్చితార్థం మా ఇంటి ముందే టెంటు వేసి చేద్దామనుకున్నాం.

హేమ తన ఫోన్లో ఒక బొమ్మ ఏడాది నుంచి దాచుకుంది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ నిలబడే చోట వెనకాల ఉండే అలంకరణ అది. పలాస నుంచి డెకరేషన్ ఆయన్ని పిలిపించి, సరిగ్గా ఇలాగే కావాలని ఆ బొమ్మ చూపించింది. నేనూ తొంగి చూశాను. ఎండిపోయిన దుంగలు రెండు, వాటి మీద అడ్డంగా ఇంకోటి, పీచు తాళ్ళు, ఎండు మట్టలు, గవ్వలు.

"ఇదేటి, కట్టెల మోపులాగుంది?" అన్నాను.

"దీన్ని రస్టిక్ అంటారు తాతా. మొరటుగా, పల్లెటూరులాగ ఉండాలన్నమాట."

"మొరటుగా ఉండాలంటే నన్ను నిలబెట్టండి. పలాస నుంచి తేవడమెందుకు?"

డెకరేషన్ ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. పైగా దుంగలు మా సముద్రం ఒడ్డు నుంచే తెస్తామని చెప్పాడు. మా ఒడ్డున పడున్న దుంగని పలాస తీసుకుపోయి, తుడిచి, మళ్ళీ మాకే తెచ్చి పెడతాడట! అక్కడికక్కడే ఆయనకి మజ్జిగ ఇచ్చి పంపించేశాను. ఇదంతా నేనే చేస్తానన్నాను. ఇంట్లో అందరూ ఒక్కసారి నా మీద పడ్డారు. నేను ఒక మాట అన్నాక దాన్ని వెనక్కి తీసుకోవడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు.

హేమ మాత్రం పోట్లాడలేదు. కళ్ళు తుడుచుకుని, "పాడైపోతే ఎలాగ తాతా? అది ఒక్క రోజే కదా," అంది.

ఆ మాట గుచ్చుకుంది. అందుకని ఇంకా పెద్ద మాట అనేశాను. "పాడైతే ఈ మీసం తీయించేస్తాను."

ఆ మీసం సంగతి మీకు తెలియాలి. పెళ్ళయిన ఏడాది పెంచాను. అప్పటినుంచి మంగలి కత్తి దాన్ని సరిచెయ్యడానికే తప్ప తియ్యడానికి దగ్గరికి రాలేదు. సంతోషం వచ్చినా, కోపం వచ్చినా, ఏమీ తోచకపోయినా నా చెయ్యి దాని మీదికే పోతుంది.

మర్నాడు పొద్దున్నే సైకిల్ తీసుకుని ఒడ్డుకి వెళ్ళాను. అలలు నున్నగా అరగదీసిన దుంగలు మూడు దొరికాయి. వలలు ఆరబెట్టుకుంటున్న ఎర్రయ్య చూసి, "ఏటి మావా, పొయ్యిలోకా?" అన్నాడు. కాదు, మనవరాలి నిశ్చితార్థానికి అన్నాను. ఆయన వల వదిలేసి వచ్చి, నాకు ఒంట్లో బాగుందా అని అడిగి, మా కొడుక్కి ఫోన్ చెయ్యమంటావా అని కూడా అడిగాడు. దుంగల్లో ఒకదానికి పట్టిన చేపల వాసనకి రెండు కుక్కలు ఇంటిదాకా నా వెనకాలే వచ్చాయి. ఆ దుంగని మూడు నీళ్ళతో కడిగి ఎండబెట్టినా, ఒక కుక్క నిశ్చితార్థం అయ్యేదాకా మా గుమ్మంలోనే ఉండిపోయింది.

అయినా పని బాగానే సాగింది. దుంగలు పాతి, అడ్డదుంగ కట్టాను. కొబ్బరి గెల విచ్చుకున్నాక రాలిపోయే ఎండు డొప్పలున్నాయి కదా, పడవల్లా ఉంటాయి, వాటిని రెండు పక్కలా రెక్కల్లాగ అమర్చాను. తుఫానుకి పడిన జీడిమాను నుంచి ఒక పలక కోసి, ఇనప చువ్వ ఎర్రగా కాల్చి, దాని మీద పేర్లు రాశాను. నాకు అక్షరాలు వచ్చింది ముప్పై దాటాక, రాత్రిబడిలో. చిన్నగా రాయడం ఇప్పటికీ రాదు. అందుకని "హేమ" అని రాసేసరికే పలక మూడొంతులు అయిపోయింది. "కిరణ్" ఒక మూలకి ఒదిగాడు. మా ఇంటిది చూసి, ఇప్పటినుంచే అలవాటైపోతాడులే అంది.

అంతా అయ్యాక ఫోన్లో బొమ్మతో పోల్చి చూశాం. ఒక్కటే తక్కువ. బొమ్మలో అడ్డదుంగ నుంచి చెక్కపూసల దండలు వేలాడుతున్నాయి. చెక్కపూసలు నాకు ఎక్కడివి? అటూ ఇటూ చూశాను. వాకిట్లో జీడి పిక్కలు కుప్పగా పోసి ఉన్నాయి. బూడిదరంగులో, నున్నగా, వంపు తిరిగి, ఒక్కొక్కటీ కంసాలి పోత పోసినట్టు. ఇన్నేళ్ళూ వీటిని తూకం వెయ్యడమే గానీ అందం చూడలేదు కదా అనుకున్నాను.

మా ఇంటిది పార్వతి పెళ్ళికి ముందు పలాసలో పిక్కలు కొట్టే షెడ్డులో పనిచేసింది. పిక్క తొక్కులో ఉండే జీడి, అదే ఆ ఘాటు నూనె, ఒంటికి తగిలితే ఎలా పొక్కుతుందో ఆవిడకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నేను చువ్వ కాల్చడం చూసి పరుగెత్తుకొచ్చింది.

"పచ్చి పిక్కకి కన్నం పెడతావా? జీడి కారుద్దయ్యా."

"నాకు తెలీదా? పుట్టిన కాడ్నించి జీడితోటలోనే ఉన్నాను."

"ఉన్నావు గానీ ఏనాడైనా పిక్క కొట్టినావా? సేతులకి బూడిద రాసుకో. మూతి మాత్రం ముట్టుకోకు."

రాసుకున్నాను. ముందు కొబ్బరినూనె, దాని మీద బూడిద. పక్కకొచ్చిన ప్రతివాళ్ళకీ, మొహం మీద చెయ్యి పెట్టకండి అని నేనే గట్టిగా చెప్పాను కూడా. కాల్చిన చువ్వ దిగగానే పిక్క సుయ్‌మని పొగ వదిలేది, నల్లటి నూనె బుడగ కట్టేది. ఆ నూనెకి బూడిద అద్ది, ఎండలో పెట్టి, తుడిచి, తాడుకి ఎక్కించాను. పదకొండు దండలు. సాయంత్రం దుంగకి కట్టేసరికి, నిజం చెప్పొద్దూ, పలాస ఆయన చూస్తే ఏడ్చేవాడు.

బ్యాంకు నుంచి వచ్చిన హేమ గుమ్మంలోనే ఆగిపోయింది. ఫోన్ తీసి బొమ్మ చూసింది, దుంగ చూసింది, మళ్ళీ బొమ్మ చూసింది. తరవాత వచ్చి నా భుజం మీద తల పెట్టింది. "తాతా, దీనికంటే నీదే బాగుంది."

అలాంటి మాట విన్న మగాడు ఏం చేస్తాడు? మీసం దువ్వుతాడు. నేనూ దువ్వాను. ఎడమవైపు ఒకసారి. కుడివైపు, తృప్తి కొద్దీ, రెండుసార్లు.

మర్నాడు మంట మొదలైంది. ఆ మర్నాడు, అంటే నిశ్చితార్థం పొద్దున, అద్దంలో నా మూతి నేనే గుర్తుపట్టలేదు. పై పెదవి ముక్కుని దాటి ముందుకొచ్చింది. మీసం అడుగున పొక్కులు. నిజం చెబితే దండలు తీసేయమంటారు. దండలు తీసేస్తే హేమ బొమ్మ పాడవుతుంది, నా మాట పోతుంది. అందుకని కందిరీగ కుట్టిందన్నాను. పార్వతి నా మొహంలోకి చాలాసేపు చూసింది. చీపురు తీసుకుని, కందిరీగ గూడు కోసం ఇంటి చూరంతా వెతికింది. చుట్టాలు కూడా తలో కర్ర తీసుకుని వెతికారు. లేని గూడు వాళ్ళకి ఎక్కడ దొరుకుతుంది?

పెళ్ళికొడుకువాళ్ళు వచ్చే వేళకి నేను తువ్వాలు కట్టుకున్నాను. వాళ్ళకి పంటినొప్పి అని చెప్పాను. అంటే ఒకే పెదవికి రెండు అబద్ధాలు. కిరణ్ తండ్రి హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యారు, చాలా మర్యాదస్తుడు. జేబులోంచి లవంగం తీసి, పంటి కింద పెట్టుకోండి మావయ్యగారూ అన్నారు. వద్దంటే విననే లేదు. తువ్వాలు కిందనుంచి లవంగం పంపుతుంటే అది పొక్కుకి తగిలింది. నా కళ్ళలో నీళ్ళు చూసి ఆయన, మనవరాలి మీద ఎంత ప్రేమో అని పక్కవాళ్ళకి చెప్పారు.

తాంబూలాలు మార్చుకోవడం అయింది. మధ్యాహ్నం ఎండ, టెంటు కింద ఉక్క, పైనుంచి ఫొటోగ్రాఫర్ లైట్లు. ఎందుకో దండల వైపు చూశాను. కన్నం పెట్టిన ప్రతి పిక్క దగ్గరా గోధుమరంగు చుక్క మెరుస్తోంది. జీడి మళ్ళీ ఊరుతోంది.

ఏం చెయ్యాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఇంతలో ఫొటోగ్రాఫర్, ఆ దండ తీసి అమ్మాయి మెడలో వెయ్యండి సార్, ఫొటో బాగుంటుంది అన్నాడు. కిరణ్‌కి జీడిపప్పు డబ్బాలోంచి వస్తుందని తప్ప దాని పుట్టుక తెలియదు. దండ కోసం చెయ్యి చాపాడు. హేమ నవ్వుతూ మెడ వంచింది.

నేను ముందుకి దూకి తువ్వాలు లాగేశాను.

"ముట్టుకోకు బావూ. ముట్టుకుంటే ఇలగైపోద్ది."

కిరణ్ చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. నా మూతి చూసి చంటిపిల్లొకటి ఏడుపు మొదలెట్టింది. అప్పుడు పార్వతి చీపురు పట్టుకునే వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఇదా నీ కందిరీగ?"

"ఇదే," అన్నాను. ఇంకేం అంటాను?

ముందు హెడ్‌మాస్టరుగారు నవ్వారు. ఆ తరవాత ఎవరూ ఆగలేదు. పార్వతి మోచేతుల దాకా బూడిద రాసుకుని, పదకొండు దండల్నీ కర్రతో తీసి దూరంగా గోతిలో పడేసింది. అడ్డదుంగ బోసిపోయింది. హేమ మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ పిల్ల ఒక నిమిషం చూసి, పేర్లు రాసిన పలక తెచ్చి దండలుండే చోట మధ్యలో కట్టించింది. తరవాత నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దాని కింద నిలబెట్టింది. నేను తువ్వాలు కట్టుకోబోతే లాగేసుకుంది.

"ఉండనీ తాతా. రస్టిక్‌గా ఉంది."

సాయంత్రం పలాసలో డాక్టరుగారు చూసి, పొక్కులకి మందు రాయాలంటే ముందు వెంట్రుకలు ఉండకూడదన్నారు. ఇంటికొచ్చాక మంగలిని పిలిపించారు. అలంకరణ పాడవలేదు కదా, మరి మీసం ఎందుకు తియ్యాలని నేను వాదించాను. ఎవరూ వినలేదు.

పెళ్ళినాటికి మీసం తిరిగి వచ్చింది. కుడివైపు, రెండుసార్లు దువ్విన చోట, అర అంగుళం మేర రాలేదు.