పాత నీళ్ళతో సహా

మా మేనత్త ముందు ‘కుదరదు’ అన్నవాడికి ఆ పూట మజ్జిగ కూడా పుట్టదు. ఆ మాట చెవిన పడగానే ఆవిడ కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంటుంది. అలా దోపుకున్న రోజున గోదారి వెనక్కి పారడం నేను చూశాను. నమ్మకపోతే మీ ఇష్టం.

భీమవరం దగ్గర ఆవిడ రొయ్యల చెరువులకు ఏ పూట ఎంత మేత వెయ్యాలో చెప్పే ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఈలోగా ఆ ప్రోగ్రాం ఉన్న కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ నిండిపోయింది. మెకానిక్ పెద్ద డిస్క్ తెచ్చాడు.

“విండోస్ కొత్తగా వేస్తానండి. పాత ప్రోగ్రాం మాత్రం పోతుందండి. ఉన్నది ఉన్నట్టు మార్చడం కుదరదండి.”

కుచ్చెళ్ళు పైకి లేచాయి.

“రొయ్యపిల్లల్ని చెరువులోకి ఎలా వదులుతాం? అవి ఉన్న నీళ్ళతో సహా, నెమ్మదిగా. నీ విండోస్ వాటికంటే సుకుమారమా ఏంటి? మొత్తం ఎత్తి అందులో పొయ్యి.”

అతను గొణుక్కుంటూ కాపీ పెట్టాడు. సగంలో కరెంటు పోయింది.

“నేను ముందే చెప్పానండి.”

“పాత డిస్క్ చచ్చిందా?”

“లేదండి, బానే ఉందండి.”

“అయితే మళ్ళీ మొదలెట్టు” అని, చెరువుగట్టు మీది జనరేటర్ నుంచి ఇంట్లోకి వైరు లాగించింది.

సాయంత్రానికి పెద్ద డిస్క్ మీద పాత ప్రోగ్రాం తెరుచుకుంది.

“ఇప్పుడు చెప్పవయ్యా, ఏంటి కుదరంది?”

“కంప్యూటర్ డబ్బా మూతండి. డిస్క్ అడ్డొస్తోందండి.”

“తీసెయ్. గాలాడనీ.”

ఆ కంప్యూటర్ ఇప్పటికీ మూత లేకుండానే నడుస్తోంది. మూత మీద అత్త వడియాలు పెడుతోంది.