దర్జీ గారి తెల్లమూత డబ్బా

ల్యాబులో ఆమెను అందరూ గుడ్లక్క అనేవారు. పందొమ్మిదేళ్లుగా పశువుల పేడలోనూ మనుషుల మలంలోనూ నట్టల గుడ్లు వెతకడమే ఆమె పని. ఆ సంగతి విడమరిచి చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోవడంతో, కోడలు కోళ్లఫారంలో గుడ్లు లెక్కపెడుతుందని అత్తగారు ఇరుగుపొరుగుకు చెప్పుకొనేది.

ఆ ఏడాది కుక్కల నుంచి మనుషులకు సోకే నట్టల మీద పరిశోధన మొదలైంది. కుక్క ఉన్న ప్రతి ఇంటికీ రెండు డబ్బాలిచ్చారు. తెల్లమూతది మనిషికి, నీలిమూతది కుక్కకు. ఒక దర్జీ గారి తెల్లమూత డబ్బాలోది పరీక్షిస్తూ ఆమె ఆగిపోయింది. మైక్రోస్కోపు కింద గుండ్రంగా, ముదురు గోధుమరంగులో, గుంటలు పడ్డ పెంకులతో కుక్కనట్ట గుడ్లు! ఆ నట్ట మనిషి కడుపులో పెరిగి గుడ్లు పెట్టదు. పిల్లగా ఉన్నప్పుడే ఒంట్లో దారితప్పి తిరుగుతుంది, ఒక్కోసారి కంటిదాకా పోతుంది. దాని జాడ రక్తపరీక్షలో తెలియాలే తప్ప ఇలా కనిపించకూడదు.

"మూతలు మీరే తారుమారు చేసి ఉంటారు, గుడ్లక్కా," అంది పరిశోధన చేస్తున్న మేడం.

తను చేయలేదని ఆమెకు తెలుసు. అయినా ఆ మాటతో తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. ఇంటికి తాళం వేశానో లేదోనని వీధి మొగ నుంచి వెనక్కి వచ్చేది. మళ్లీ డబ్బాలు తెప్పిస్తే, మళ్లీ అవే గుడ్లు. ఇక ఉండబట్టలేక తనే దర్జీ గారి కొట్టుకు వెళ్లింది.

అరవై దాటిన మనిషి. కుట్టుమిషను కింద కుక్క పడుకుని ఉంది. ఆమె డబ్బా సంగతి అడిగితే ఆయన కుడుతున్న కాజా ముగించి దారం తెంపాడు.

"ఏం చెప్పమంటావమ్మా. నాది ఎవరో మూత తీసి చూస్తారంటే సిగ్గుతో చచ్చిపోయాను. రెండింట్లోనూ దానిదే పెట్టాను," అన్నాడు, కుక్కను చూపిస్తూ.

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పుడే ఆయన సూదిలో దారం ఎక్కించడానికి ఎడమకన్ను మూసుకోవడం గమనించింది. ఏడాదిగా ఆ కంట్లో మసకేనట. శుక్లమేలే అని ఊరుకున్నాడట.

ఆమె పోరుపెట్టి రక్తపరీక్ష చేయించింది. కుక్కనట్ట ఆనవాలు తేలింది. కంటి డాక్టరు ఎడమకన్ను లోపల పాత మచ్చ ఉందన్నాడు. అది నట్ట చేసిందో, ఎప్పటి దెబ్బో చెప్పలేనన్నాడు. రక్తంలో ఆనవాలు ఉన్నంతమాత్రాన కన్ను పోయింది దానివల్లేనని రుజువు కాదట. పోయిన చూపు రాదు, కుడికన్ను మాత్రం బాగుంది. కుక్కకు నట్టల మందు వేశారు.

తర్వాత దర్జీ గారు ఈసారి తనదే పెట్టిన డబ్బాను నాలుగు పొరల గుడ్డలో చుట్టి స్వయంగా తెచ్చిచ్చాడు. అందులో నట్టల గుడ్లేమీ లేవు.

"ఇంతకీ నా కన్ను దీనివల్లే పోయిందా?"

"తెలియదు బాబాయ్ గారూ."

"నీక్కూడా తెలియదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. కుక్కను ఇక మంచం ఎక్కనివ్వకూడదా అని ఆయన అడిగాడు. మందు వేస్తూ, చేతులు కడుక్కుంటూ ఉంటే ఫర్వాలేదని చెప్పింది. ఆ సాయంత్రం పరిశోధన పట్టికలో ఆయన ఎడమకన్ను అన్నచోట "నట్ట వల్ల కావచ్చు" అని రాసి, కొట్టేసి, మళ్లీ అదే రాసింది.