బోరు పుస్తకాల కోసం మార్కాపురం షెడ్డు దాకా

నేను మార్కాపురం బయలుదేరింది నా తప్పు దిద్దుకోవడానికి. గిద్దలూరులో ఇంటికి సున్నం వేయించే ముందు అటక మీది మూడు సంచులు దించి, లోపల ఏముందో చూడకుండా పాత సామాన్ల బండికి వేసేశాను. వాటిలో ఒకటి నాయనది. ఆయన ముప్పై ఏళ్లు బోరు బండ్ల మీద పనిచేశారు. ఏ ఊళ్లో ఎక్కడ బోరు వేసిందీ, ఎంత లోతున నీళ్లు పడిందీ, అవి తియ్యనివో ఉప్పువో, ఎక్కడ అసలు పడలేదో, అన్నీ నోటుబుక్కుల్లో రాసుకునేవారు. చుట్టుపక్కల రైతులు ఇప్పటికీ బోరు వేయించే ముందు మా ఇంటికి వచ్చి ఆ పుస్తకాలు చూపించమంటారు. సంగతి తెలిశాక నాయన ఆ పూట అన్నం తినలేదు.

బండాయన ఇల్లు వెతికి అడిగితే, సరుకంతా అప్పుడే ఆటో ట్రాలీలో మార్కాపురంలో పాత సామాన్లు కొనే షెడ్డుకు పోయిందన్నాడు. మర్నాడు నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి పొద్దున ఏడున్నరకు రైలెక్కాను. ముప్పై రూపాయల టికెట్. ఎడమ వైపు నల్లమల కొండలు, పట్టాల వెంట సర్కారు తుమ్మ చెట్లు, వాటి ముళ్లకు పట్టుకుని వేలాడే ప్లాస్టిక్ కవర్లు. కంభంలో ఇడ్లీ పొట్లం కొనుక్కున్నాను. ఎదుటి సీట్లో కురిచేడు మిరప రైతు ఒకాయన నా కథంతా విని తల ఊపాడు. “తొందరగా పో సారూ. లారీ ఎక్కిందంటే ఇంగ హైదరాబాదే. ఆడికి పోయిన కాగితం మల్లా రాదు,” అన్నాడు.

తొమ్మిదికి మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి షేర్ ఆటో పట్టుకున్నాను. షెడ్డు ఊరి బయట ఉంది. పలకల ఫ్యాక్టరీల వాళ్లు పోసిన రాతి ముక్కల దిబ్బలు దాటాక రేకుల కప్పు కనిపిస్తుంది. లోపల నీళ్ల సీసాల గుట్ట ఆ కప్పును తాకుతోంది. శ్రీశైలం పోయే కార్లలోంచి అడవి దారిలో పారేసినవట, గూడేల వాళ్లు ఏరి పెద్దదోర్నాలలో అమ్ముతారట. వెనక గుంటలో రాగి కోసం వైర్లు కాలుస్తున్నారు. ఆ పొగకు నా గొంతు మండింది. పక్క చేనులో కంది ఆకుల మీద మసి పేరుకుంది.

షెడ్డు యజమాని ఫోన్లో మాట్లాడుతూనే, కాగితాలు వేరు చేసే ఈదమ్మను చూపించాడు. యాభై దాటిన మనిషి. అట్టలు ఒక వైపు, తెల్లకాగితం ఒక వైపు విసురుతోంది. నేను చెప్పడం మొదలుపెట్టగానే చేతులు ఆపింది.

“డీజిల్ వాసన కొట్టే పుస్తకాలేనా? నూనె అంటిన కాగితం మిల్లోళ్లు తీసుకోరు తమ్ముడా. నిన్న సాయంత్రం గుంటలో వేసినాము.”

గుంట దగ్గరకు వెళ్లి కట్టెతో కెలికాను. బూడిద తప్ప ఏమీ లేదు. కట్టె పారేసి వెనక్కి తిరిగాను. ఈదమ్మ షెడ్డు వెనక తన పొయ్యి దగ్గరకు పోయి నాలుగు నోటుబుక్కులు తెచ్చి నా చేతిలో పెట్టింది. తొందరగా అంటుకుంటాయని పొయ్యి కోసం దాచుకుందట.

ఆమెకు చదువు రాదు. వాటిలో ఏముందని అడిగింది. చెప్పాను. దోర్నాల పైన తన గూడెం పేరు చెప్పి, “మా కాడ గూడ వేసినారు, ఉందేమో చూడు,” అంది. మూడో పుస్తకంలో దొరికింది. నాయన రాత చదివి వినిపించాను. రెండు చోట్ల వేసినాము, రాతి పొడి తప్ప ఏమీ రాలేదు, ఆడవాళ్లు బిందెలతో సాయంత్రం దాకా నిలబడినారు.

“నేను గూడ నిలబడినా. ఆ ఎండాకాలమే మేము హైదరాబాదు పోయినాము,” అంది ఈదమ్మ.

అక్కడ ఆరేళ్లు మొగుడూ తానూ చెత్త దిబ్బ పక్కన గుడిసె వేసుకుని ప్లాస్టిక్ ఏరారట. వాళ్లు పోయేనాటికి చుట్టూ బండలూ పొదలేనట. తర్వాత మేడలు దిబ్బ దాకా వచ్చాయి. మేడల వాళ్లు తమకు పొగ పడటం లేదని ఫిర్యాదు చేస్తే వీళ్లను ఖాళీ చేయించారు. అప్పటికే మొగుడికి దగ్గు పట్టుకుంది. “ముందు మేము పోయినాము, వాళ్ల ఇండ్లు తర్వాత వచ్చినాయి,” అంది. ఇప్పుడు అతను గూడెంలోనే ఉంటాడు, ఆమె వారానికొకసారి పోయి వస్తుంది. నీళ్లకు ఇప్పటికీ ట్యాంకరే.

పుస్తకాలకు డబ్బివ్వబోతే యజమాని వద్దన్నాడు. ఏదైనా దొరికితే చెప్పమని ఆయన ఫోన్ నంబరు రాసుకుని వచ్చాను. స్టేషను దగ్గర భోజనం చేసి మూడు దాటాక తిరుగు రైలెక్కాను. గుమ్మం దాటించిన వస్తువు ఎక్కడికో కంటికి కనబడనంత దూరం పోతుందనుకునేవాణ్ణి. గంటన్నర రైలు దూరంలో, పొగలో కూర్చున్న ఒక మనిషి చేతుల్లోకి పోతుంది.

నాయనకు ఫోన్ చేసి నాలుగే దొరికాయని, మిగతావి కాలిపోయాయని చెప్పాను. “పోతే పోయినాయిలే. గుర్తున్నంత చెప్తా, రాసుకో,” అన్నారు. ఈదమ్మ సంగతీ, ఆమె గూడెం పేరూ చెప్పాను.

“ఆ గూడెంలో నేను మూడో చోటు గూడ చూపిచ్చినా. చీకటి పడుతుందని బండి తీసుకోని పోయినారు. వేయని బోరు కదా, పుస్తకంలో ఎక్కియ్యలే. వాగు దాటినాక ఇప్పచెట్టు కాడ. పడతాయని గట్టిగా చెప్పలేను గానీ, ఆయమ్మకు చెప్పురా.”

వెంటనే షెడ్డు యజమానికి ఫోన్ చేశాను. ఆయన ఈదమ్మను పిలిచి ఫోన్ ఇచ్చాడు. రైలు చప్పుడులో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆమె అంతా విని, మెల్లగా అంది.

“ఆ చెట్టు ఉంది తమ్ముడా. రేపు పోయి మా ఆయనకు చూపిస్తా.”